సున్నుండకు షుగరు

పిల్లికి కూడా షుగరు వస్తుందా అని గడిచిన రెండేళ్ళలో నన్ను అడిగినవాళ్ళ పేర్లు వరసగా రాస్తే మన సంఘం సభ్యుల పట్టిక ముప్పాతిక వంతు తయారవుతుంది. వస్తుంది. కుక్కకూ వస్తుంది, పిల్లికీ వస్తుంది. ఆ వెనకాలే రెండో ప్రశ్న: "అయితే రోజూ సూది పొడుస్తారా? మీరే?" పొడుస్తాం. రోజుకి రెండుసార్లు. మూడో ప్రశ్న ఎవరూ పైకి అనరు గాని మొహంలో కనిపిస్తూనే ఉంటుంది: "మీకేం పనిలేదా?" దీనికి జవాబు చెప్పడానికి సంపాదకులు ఇస్తామన్న పేజీలు చాలతాయో లేదో చూద్దాం.

మా పిల్లి పేరు సున్నుండ. ఆ పేరు పెట్టిన నాటికి దానికి షుగరు లేదు. 2016లో, నేను ఇక్కడ ఒహాయోలో రెసిడెన్సీ చేస్తూ ఊపిరాడక తిరుగుతున్న రోజుల్లో, జంతువుల శరణాలయం నుంచి మావారు తీసుకొచ్చారు. అప్పటికి రెండేళ్ళ మగపిల్లి. దోరగా వేయించిన మినప్పిండి రంగు, కాళ్ళు ముడుచుకు కూచుంటే నెయ్యి పోసి ఉండ కట్టినట్టుండే ఆకారం. పేరు దానంతట అదే వచ్చింది. ఏడేళ్ళపాటు తిండి, నిద్ర, కిటికీలోంచి ఉడతల మీద నిఘా తప్ప వేరే వ్యాపకం లేకుండా బతికింది. మగది, కుటుంబ నియంత్రణ ఆపరేషను అయినది, నడివయసుది, బాగా ఒళ్ళు చేసినది, గడప దాటనిది. పిల్లులకు మధుమేహం ఎవరికి ఎక్కువగా వస్తుందని పుస్తకాల్లో రాస్తారో ఆ లక్షణాలన్నీ దాని జాతకంలో ఉన్నాయి. కాస్త జాగ్రత్తగా చూసుకుంటే మనలో చాలామంది జాతకాల్లోనూ వాటిలో సగం ఉన్నాయి. అది వేరే వ్యాసం.

2023 అక్టోబరులో దాని నీళ్ళగిన్నె తొందరగా ఖాళీ కావడం మొదలయింది. అది ఒంటికి పోసే పెట్టెలో ఇసుక ఉండలు నిమ్మకాయంత ఉండేవి బత్తాయంత అయ్యాయి. తిండి పెరిగింది, ఒళ్ళు తగ్గింది. అతిదాహం, అతిమూత్రం, తిన్నా చిక్కిపోవడం: ఈ మూడూ చెబితే నేను చదివిన గుంటూరు మెడికల్ కాలేజీలో మూడో ఏడు చదివే కుర్రాడు కూడా రోగం పేరు చెప్పేస్తాడు. నాకు కొత్తగా కనిపించినవి వెనక కాళ్ళు. పిల్లి మామూలుగా వేళ్ళమీద నడుస్తుంది. దాని మడమ ఎప్పుడూ గాలిలోనే ఉంటుంది. సున్నుండ మడమలదాకా నేలకి ఆనించి, కుందేలులాగా నడవసాగింది. కిటికీ గట్టు ఎక్కడం మానేసింది. షుగరు వల్ల నరాలు దెబ్బతింటే మనుషులకు అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి, మంటలు పుడతాయి. పిల్లులకు ఇలా అవుతుంది.

పశువైద్యురాలి దగ్గర రక్తం తీస్తే 436. మనిషికి ఆ అంకె వస్తే ఇంకో పరీక్షతో పనిలేదు. ఆవిడ మాత్రం తొందరపడలేదు. పిల్లిని బుట్టలో పెట్టి, కారెక్కించి, కుక్కలు మొరిగే గదిలో అరగంట కూచోబెడితే భయంతోనే షుగరు 300 దాటవచ్చునట, రోగం లేని పిల్లికైనా సరే. అందుకని మూత్రంలో చక్కెర చూశారు, ఫ్రక్టోసమీన్ అనే పరీక్ష చేయించారు. మనుషులకు మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఉన్నట్టే ఇది వారం రెండు వారాల సగటు చెబుతుంది. భయం పెట్టిన అరగంటని పట్టించుకోదు. రెండూ రోగమేనన్నాయి. తరవాత ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, ఎన్నోసార్లు చెప్పి అలవాటైన గొంతుతో చెప్పారు: పన్నెండేసి గంటలకొక సూది, దాని జీవితాంతం కావచ్చు, వేళ తప్పకూడదు, ఖర్చు ఉంది, ఊళ్ళు తిరగడం కష్టం. చెయ్యలేమనుకుంటే నిద్రపుచ్చడమూ ఒక దారే, అలా కోరుకునేవాళ్ళు ఉన్నారు, ఎవరూ తప్పుపట్టరు.

మావారికి సూది చూస్తే కళ్ళు తిరుగుతాయి. నా ఉద్యోగం ఆసుపత్రిలో చేరిన రోగులను చూసేది. ఏడు రోజులు వరసగా పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు దాకా, ఆ తరవాత ఏడు రోజులు సెలవు. అంటే సగం రోజులు సాయంత్రం సూది వేళకి నేను ఇంట్లో ఉండను. ఇదంతా ఆవిడ ముందే కూచుని లెక్క వేసుకున్నాం. మావారు బుట్టలోకి చూసి, "సాయంత్రం నేను వేస్తాను. కళ్ళు మూసుకుని వేస్తాను" అన్నారు. కళ్ళు తెరిచే వేస్తున్నారు, మొదటి నాలుగు రోజులూ చెమటలు పట్టినా.

ఇందులో ఒక చమత్కారం ఉంది. పిల్లికి తీపి తెలియదు. నాలుక మీద తీపిని పట్టే గ్రాహకం తయారు కావాలంటే రెండు జన్యువులు పనిచెయ్యాలి. పిల్లిజాతిలో అందులో ఒకటి చెడిపోయింది. ఇంటిపిల్లికీ అంతే, పులికీ అంతే. ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థ శాస్త్రజ్ఞులు 2005లో ఈ సంగతి బయటపెట్టారు. అంటే లడ్డూ రుచి ఏమిటో ఎరగని జీవికి లడ్డూ రోగం వచ్చిందన్నమాట. మాంసం తిని బతకడానికి పుట్టిన జంతువు. దాని కాలేయానికి ఒక్కసారిగా వచ్చిపడే పిండిపదార్థాన్ని సర్దుకునే శక్తి తక్కువ. మనం సంచీలలో కొనే ఎండు మేతలో పిండి బాగా ఉంటుంది. అందుకని వైద్యంలో సగం ఆ సంచీ మానెయ్యడమే. పిండి తక్కువగా ఉండే డబ్బా మాంసం పెట్టడం మొదలుపెట్టాక, ఇన్సులిన్ ఇంకా స్థిరపడకముందే, నీళ్ళు తాగడం తగ్గింది.

మిగతా సగం ఇన్సులిన్. 1889లో స్ట్రాస్‌బర్గులో ఒక కుక్కకి క్లోమం తీసేస్తే షుగరు రోగం వచ్చిందని కనిపెట్టారు. 1921లో టొరాంటోలో బాంటింగ్, బెస్ట్ కుక్కల మీదనే ప్రయోగాలు చేసి మందు తీశారు. 1922 జనవరిలో పద్నాలుగేళ్ళ కుర్రవాడికి మొదటి సూది పడింది. ఆ తరవాత అరవై ఏళ్ళు మనుషులను బతికించినది పంది క్లోమం, ఎద్దు క్లోమం. పంది ఇన్సులిన్‌కీ మన ఇన్సులిన్‌కీ ఒక్క అమైనో ఆమ్లం తేడా, ఎద్దుకి మూడు. 1982 తరవాతే సూక్ష్మజీవులచేత మనిషి ఇన్సులిన్ తయారు చేయించి అమ్మడం వచ్చింది. సున్నుండ వాడే ప్రోజింక్ అనే మందు అలా తయారైన మనిషి ఇన్సులినే, జింకుతోనూ ప్రోటమీన్‌తోనూ కలిపి నిదానంగా కరిగేట్టు చేసినది. పిల్లి ఇన్సులిన్‌కీ దానికీ నాలుగు చోట్ల తేడా ఉన్నా ఒంటికి పడుతుంది. జంతువుల దగ్గర చేసిన అప్పు ఇప్పుడు వాటికే తీరుస్తున్నాం, వడ్డీ లేకుండా.

ఈ మందు బలం మిల్లీలీటరుకి 40 యూనిట్లు. అమెరికాలో మనుషులు వాడే ఇన్సులిన్ సాధారణంగా 100. సిరంజీలు కూడా వేరు వేరు: 40కి ఎర్రటోపీ, 100కి నారింజరంగు టోపీ. పొరపాటున 100 బలం మందుని 40 సిరంజిలో ఒక గీత దాకా లాగితే ఒక యూనిట్ బదులు రెండున్నర యూనిట్లు వెళతాయి. నాలుగున్నర కిలోల జంతువుకి అది చిన్న తేడా కాదు. ఇక్కడ పుట్టి చదువుకున్న నా తోటి డాక్టర్లకు ఈ ఎర్రటోపీ సిరంజి తెలియదు. నాకు తెలుసు. గుంటూరు పెద్దాసుపత్రిలో హౌస్ సర్జనుగా నేను చేత పట్టిన సిరంజి అదే. మన దేశంలో ఇప్పటికీ వయలుగా అమ్మే ఇన్సులిన్ ఎక్కువభాగం 40 బలందే. పశువుల మందులషాపు నుంచి పెట్టె వచ్చినప్పుడు, మూత తీసి ఆ ఎర్రటోపీలు చూసి, ఊరినుంచి చుట్టం వచ్చినట్టనిపించింది.

సూది వెయ్యడం కష్టమేమీ కాదు. పక్కటెముకల దగ్గర చర్మం గుడారంలాగా ఎత్తి, దాని మొదట్లో గుచ్చితే, తింటున్న పిల్లి తల కూడా ఎత్తదు. కష్టమంతా రక్తం తియ్యడంలో. చెవి అంచున సన్నటి నరం ఉంటుంది. అది చల్లగా ఉంటే చుక్క రాదు. దానికొక ఉపాయం నేర్పారు. సాక్సులో గుప్పెడు బియ్యం పోసి, ముడి వేసి, మైక్రోవేవులో కాసేపు వెచ్చచేసి చెవికి కాపడం పెట్టాలి. మేము సోనామసూరి పోశాం, ఇంట్లో వేరేవి లేవు. చెవి అంచుకి వాజలీను రవంత రాస్తే నెత్తురు బొచ్చులోకి పాకకుండా పూసలాగా నిలుస్తుంది. వెనకాల దూది అడ్డం పెట్టకపోతే గుచ్చేది మన వేలినే. అయిన వెంటనే ఉడికించిన కోడిమాంసం ముక్క లంచం. రెండు వారాలయ్యేసరికి బియ్యం సాక్సు చూస్తే అదే వచ్చి కూచునేది.

మీటరు కూడా దాని మీటరు దానిదే. మనిషి రక్తంలో చక్కెర కొంత ఎర్రకణాలలో, కొంత ద్రవంలో పంచుకుని ఉంటుంది. పిల్లి రక్తంలో దాదాపు అంతా ద్రవంలోనే ఉంటుంది. మనిషి లెక్కకి కుదిర్చిన మీటరు దాని షుగరుని తక్కువగా చూపిస్తుంది. అలాగని మనుషుల మీటరు పనికిరాదని కాదు, చాలామంది దానితోనే నెట్టుకొస్తున్నారు. ఎంత తేడా చూపుతుందో ఎరిగి వాడాలి.

మీటరుతో అసలు పని ఆదివారాలు. పొద్దున సూది వేసి, రెండేసి గంటలకొకసారి చెవి గుచ్చి, సాయంత్రం దాకా అంకెలు రాసుకుంటాం. ఒక ఆదివారం చీటీ ఇది: 318, 262, 171, 118, 140, 226, 305. మనిషికి దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ ఇస్తే పరగడుపు అంకె చూసి మందు పెంచుతాం. నాకు అలవాటైన విద్య అది. ఆ లెక్కన 318 చూస్తే చెయ్యి దురద పెడుతుంది, ఇంకో గీత పెంచుదామని. పిల్లికి చూడవలసింది మొదటి అంకె కాదు, నడిమధ్యన ఉన్న 118. అదీ అడుగు. 80కీ 150కీ మధ్య అడుగు ఉంటే మందు సరిపోయినట్టే. రెండు కొసలూ చూసి మందు పెంచితే ఆ అడుగు 50కో 40కో జారుతుంది, పిల్లి పడిపోతుంది. పైగా మనకి 180 దాటితే మూత్రంలో చక్కెర పోతుంది. పిల్లి మూత్రపిండాలు 250 పైదాకా ఓర్చుకుంటాయి. కాస్త ఎక్కువగా ఉండటం కంటే మరీ తక్కువ కావడమే దానికి ప్రమాదం. వారం తిరగకుండా మోతాదు మార్చవద్దని పశువైద్యురాలు చీటీ మీద రాసి కింద గీత గీశారు. మనుషుల డాక్టర్ల ఇళ్ళల్లో పిల్లుల సంగతి ఆవిడకి తెలుసు లాగుంది.

మాత్రలు లేవా అంటారు. ఉన్నాయి. మనవాళ్ళు కొందరు మింగుతున్న, మూత్రంలో చక్కెరని బయటికి పంపే మాత్రల కోవలోనివే. 2022 డిసెంబరులో ఒక మాత్ర, 2023 ఆగస్టులో నోట్లో పోసే ద్రవం ఒకటి పిల్లులకోసం ఇక్కడ అనుమతి పొందాయి. అన్ని పిల్లులకూ నప్పవు. ఇన్సులిన్ తప్పనిసరి అయిన పిల్లికి ఇస్తే షుగరు అంకె మామూలుగా కనిపిస్తూనే ఒంట్లో ఆమ్లాలు పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు. చిక్కిపోయి కాళ్ళు వాలిన సున్నుండకి ఆ మందులు వద్దన్నారు.

ఇక ఆ మూడో ప్రశ్న. దాన్ని పైకి అడిగినవారు ఒకరున్నారు, నాకు గురువులాంటి పెద్దాయన. "మన దగ్గర మనుషులకే ఇన్సులిన్ లేదు కదమ్మా" అన్నారు. ఆ మాట తేలిగ్గా తీసిపారేసేది కాదు. గుంటూరులో మా వార్డుకి ఒక పిల్లవాణ్ణి రెండుసార్లు తెచ్చారు, ఊపిరి ఆయాసంతో, నోట్లో పళ్ళు మగ్గిన వాసనతో. మొదటిసారి మందు అయిపోయింది, కొనడానికి వారం పట్టింది. రెండోసారి మందు ఉంది, ఎండలో పాడయిపోయింది. ఇంట్లో ఫ్రిజ్ లేదు. వాళ్ళ అమ్మకి మా సిస్టరు నేర్పింది, తడి ఇసుకలో మట్టికుండ, కుండలో సీసా. పిల్లవాడు మూడోసారి రాలేదు. బాగుండి రాలేదో ఇంకెందుకు రాలేదో తెలుసుకునే వీలు హౌస్ సర్జనుకి ఉండదు. మా ఫ్రిజ్ తలుపు తెరిచి పిల్లి మందు తీసినప్పుడల్లా కాకపోయినా, అప్పుడప్పుడు ఆ కుండ గుర్తొస్తుంది. సున్నుండకి సూది మానేస్తే ఆ సీసా ఆ కుండలోకి చేరదు, నిజమే. అంతమాత్రాన ఆయన అడిగినది తప్పు ప్రశ్న అయిపోదు. నేను చెప్పగలిగింది ఒకటే: ఏడేళ్ళు నా ఒళ్ళో పడుకున్న ప్రాణి నా ఇంట్లో నీళ్ళకోసం తడబడుతూ నడుస్తుంటే, మందు ఎదురుగా ఉండగా, ఇవ్వనని అనగల గుండె నాకు లేదు.

2024 మే నెలలో మా అత్తగారు బాపట్ల నుంచి వచ్చారు, ఆరు నెలలుందామని. ఆవిడకి పధ్నాలుగేళ్ళుగా షుగరు. మూడు నెలల సగటు 9.6. వాళ్ళ ఊరి డాక్టరు రెండేళ్ళుగా ఇన్సులిన్ మొదలుపెడదామంటున్నారు, ఈవిడ ఒప్పుకోవడం లేదు. కారణం ఉంది. వాళ్ళ అన్నగారికి ఇన్సులిన్ మొదలుపెట్టిన ఏడాదికే కాలు తీసేశారు. కాలికి పుండు పడ్డాక గాని ఆయన ఇన్సులిన్‌కి ఒప్పుకోలేదని, కాలు తీసింది అంతకుముందు ఇరవై ఏళ్ళ షుగరని ఎంతమంది చెప్పినా ఆవిడ కళ్ళకి కట్టిన వరస మాత్రం అదే: ముందు ఇన్సులిన్, తరవాత రంపం. కోడలు డాక్టరయితే ఏం, పెరటిచెట్టు మందుకు పనికిరాదు.

మొదటి వారం ఆవిడ పిల్లిని దూరంనుంచే చూశారు. "ముందు దాని పేరు మార్చండి. ఆ పేరు వల్లే దానికి షుగరు వచ్చింది" అన్నారు. తిండి బియ్యాన్ని సాక్సులో పొయ్యడం చూసి ఒక రోజంతా నాతో సరిగా మాట్లాడలేదు. రెండో వారం పొద్దున ఆరు కొట్టగానే వంటింట్లోంచి, "అమ్మాయ్, దాని వేళయింది" అన్న కేక. మూడో వారం, "నిన్న 290 అన్నావు, ఇవాళెంత?" అని. పేరు మాత్రం ఎప్పుడూ పిలవలేదు. "అది" అనేవారు.

జూన్ ఆఖరులో మావారిని కంపెనీవాళ్ళు మూడు వారాలు వేరే ఊరు పంపారు. నావి పగటి డ్యూటీలు. సాయంత్రం సూదికి ఎవరిని పిలవాలా అని ఫోను ముందు పెట్టుకు కూచున్నాను. అత్తగారు చేస్తున్న పని ఆపి, "నేను లేనూ?" అన్నారు. నలభై ఏళ్ళు మల్లెలూ కనకాంబరాలూ గుచ్చిన చేతులు. నారింజపండు మీద రెండు రోజులు నేర్చుకున్నారు, ఇక్కడ నర్సు విద్యార్థులు నేర్చుకున్నట్టే. ఎర్రటోపీ సిరంజి, రెండు గీతలు. మూడోరోజు నుంచి ఆవిడే వేశారు. చెవి గుచ్చడం కూడా నేర్చుకున్నారు, నా కంటే నెమ్మదిగా, నా కంటే తక్కువ నెత్తురుతో. ఏం చెయ్యాలో తెలుగులో రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను: తినకపోతే సూది వెయ్యవద్దు; కాళ్ళు తడబడితే ముందు చిగుళ్ళకి మొక్కజొన్న పాకం రాయాలి, తరవాత మీటరు, తరవాత ఫోను.

జూలైలో ఒక గురువారం పదకొండింటికి అది జరిగింది. పొద్దున నేను వెళ్ళేముందు పిల్లి తిన్నది, సూది పడ్డది. ఆ తరవాత సోఫా వెనకాల తిన్నదంతా కక్కుకుంది. ఒంట్లో ఇన్సులిన్ ఉంది, కడుపులో కూడు లేదు. అత్తగారు భాగవతం చదువుకుంటూ తలెత్తేసరికి పిల్లి గోడకి ఒరిగి, తల ఊగుతూ, అడుగు వేస్తే పక్కకి పడిపోతోంది. కళ్ళు ఎటో చూస్తున్నాయి. ఆవిడ కాగితం చదవడానికి కూడా లేవలేదు, అది అప్పటికి నోటికి వచ్చేసింది. పాకం వేలితో చిగుళ్ళకి రాశారు. చెవి గుచ్చారు: 41. మళ్ళీ రాశారు. పావుగంటకి 77. అప్పుడు నాకు ఫోను చేశారు. నేను తోటి డాక్టరుకి రోగులను అప్పగించి ఇంటికి వచ్చేసరికి సున్నుండ గిన్నె నాకుతోంది, ఆవిడ పక్కన నేలమీద కూచుని ఉన్నారు, చీరకి పాకం మరకలు. పశువైద్యురాలు ఆ రాత్రి సూది ఆపమని, మర్నాటి నుంచి మోతాదు తగ్గించమని చెప్పారు.

రాత్రి అన్నాలయ్యాక అత్తగారు మామూలుగానే అన్నారు, గిన్నెలు సర్దుతూ. "దానికి అలా ఊగిపోతుంటే నాకు వెంటనే తెలిసిందమ్మాయ్. శనివారాలు నాకూ అలాగే ఉంటుందిగా."

ఆవిడ ప్రతి శనివారం వెంకటేశ్వరస్వామికి ఉపవాసం, సాయంత్రం దీపం పెట్టేదాకా. మాత్ర మాత్రం మానరు, మానకూడదని డాక్టరు చెప్పారు కనుక. ఆ మాత్రల్లో ఒకటి గ్లిమెపిరైడ్. తిన్నా తినకపోయినా క్లోమాన్ని పిండి ఇన్సులిన్ తీసే రకం. పదకొండింటికి చేతులు వణుకు, చెమటలు, చూపు మసక. ఆవిడ దాన్ని నీరసం అనుకున్నారు, కొన్నాళ్ళు స్వామి పరీక్ష అనుకున్నారు. దేవుడి దగ్గర బెల్లంముక్క ప్రసాదంగా నోట్లో వేసుకుంటే తగ్గేది. అందుకని బెల్లం గిన్నె ఎప్పుడూ దేవుడి గూట్లోనే ఉండేది. ఇన్నేళ్ళుగా.

ఆ వచ్చిన శనివారం ఉపవాసం ఉండనిచ్చాం, నేను పక్కనే కూచుని గంటగంటకీ వేలు గుచ్చేటట్టు, 70కి దిగితే ఉపవాసం అక్కడితో ఆపేటట్టు ఒప్పందం మీద. పదకొండుంబావుకి 58. మనిషి మీటరుతోనే. ఆవిడ అంకె చూసి, పిల్లివైపు చూసి, "దానికి 41, నాకు 58" అన్నారు. ఒప్పందం ప్రకారం పళ్ళరసం తాగారు, స్వామి ఏమీ అనుకోడన్నారు.

ఆ రాత్రి ఫోనులో బాపట్ల డాక్టరుగారితో మాట్లాడాం. గ్లిమెపిరైడ్ ఆపించారు. శనివారం ఒక్కరోజు ఇంత కిందికి దిగి, మిగతా ఆరు రోజులూ పైన ఎగురుతుంటే సగటు 9.6 ఎందుకుందో ఆయనకీ తెలిసింది. రోజుకొక్కసారి రాత్రిపూట కొద్ది మోతాదు ఇన్సులినే మేలన్నారు, మళ్ళీ. నేను ఏమీ అనలేదు. కోడలు మాట్లాడే చోటు కాదది.

అత్తగారు చాలా రోజులు ఆ ఊసే ఎత్తలేదు. ఆగస్టు నెలాఖరున, ఒక మధ్యాహ్నం, సున్నుండ నేలమీంచి కుర్చీ మీదికి, కుర్చీ మీంచి కిటికీ గట్టు మీదికి ఎక్కింది. పది నెలల తరవాత. మడమలు నేలకి ఆనడం అంతకుముందే తగ్గుతూ వచ్చింది. ఆవిడ చూస్తూ నిలబడ్డారు. "దీని కాళ్ళు ఇన్సులిన్‌తోనే కదూ లేచాయి?" అన్నారు. అవునన్నాను. మనుషుల్లో దెబ్బతిన్న నరాలు అంత తేలిగ్గా తిరిగిరావని, ఇంకా చెడకుండా ఆపడమే ఎక్కువని కూడా చెప్పాను. "తెలుసులే. లేవకపోతే మానె. తియ్యరుగా" అన్నారు.

2024 అక్టోబరులో తిరిగి వెళ్ళారు. నవంబరు నుంచి రాత్రి 8 యూనిట్లు. మొదటిరోజు వీడియో ఫోనులో సిరంజి కెమెరాకి ఆనించి చూపించారు. ఎర్రటోపీ. "ఇది మన సున్నుండ సిరంజే కదమ్మాయ్?" ఆవిడ నోట దాని పేరు వినడం అదే మొదలు. మొన్న సగటు 7.7 వచ్చింది. ఫోను చేస్తే ముందు దాని అంకె అడుగుతారు, తరవాత తన అంకె చెబుతారు. శనివారాలు పాలూ పళ్ళూ తీసుకుంటున్నారట.

సున్నుండ ఇప్పుడు పూటకి ఒకటిన్నర యూనిట్ల మీద ఉంది. కొన్ని పిల్లులకి, తొందరగా వైద్యం మొదలై తిండి మారితే, ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. మా దానికి ఆ యోగం ఇంకా పట్టలేదు. పదకొండేళ్ళ వయసులో పెద్దగా ఆశ పెట్టుకోలేదు కూడా.

చివరగా, సంపాదకుల అనుమతితో ఒక ప్రకటన. ఈ డిసెంబరులో మేము మూడు వారాలు బాపట్ల వెళుతున్నాం. పిల్లిని రోజుకి రెండుపూటలా, పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి చూసుకోగలవారు కావాలి. డాక్టరై ఉండనక్కరలేదు, కాకపోతే ఇంకా మంచిది. సూది వెయ్యడం నారింజపండు మీద నేర్పుతాను, రెండు రోజులు చాలు. బియ్యం సాక్సు, మీటరు, పాకం సీసా, తెలుగులో రాసిన కాగితం అన్నీ ఫ్రిజ్ దగ్గరే ఉంటాయి. ప్రతిఫలంగా మా అత్తగారు పెట్టిన గోంగూర పచ్చడి రెండు సీసాలు, తిరిగొచ్చాక ఇంకో రెండు. ఇష్టమున్నవారు వచ్చే నెల సమావేశంలో నాతో గాని మావారితో గాని చెప్పండి.